రాతిబంతికి అటు పక్క

జనవరి 18

మరదలు పిల్లకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం కులాసాగానే ఉన్నాం. ఫోనుండగా ఉత్తరమేమిటంటావా? ఫోనులో మీ అన్నాచెల్లెళ్లు ‘ఊ’, ‘ఆ’, ‘సరేలే’ తప్ప నాలుగో మాట అనరు. ఆ ఊకొట్టుడు వినడానికి మధ్యలో నేనెందుకు? కాగితమైతే నా ఇష్టం వచ్చినంత వాగొచ్చు, నువ్వు మధ్యలో పెట్టెయ్యలేవు.

మీ అన్నయ్య బంతి పూర్తయింది. కిందటిసారి నువ్వొచ్చినప్పుడు షెడ్డులో మూలలు మూలలుగా ఒక నల్లరాయి చూశావు కదా, అదే ఇప్పుడు నా నడుమెత్తు బంతి. అద్దంలా మెరుస్తోంది. అందులో చూసుకుంటే ఎవరి మొహమైనా గుండ్రంగా కనిపిస్తుంది, నా మొహం సంగతి చెప్పక్కర్లేదు. పిల్లల ఆసుపత్రి ముందు దీన్ని అదే రాతితో చెక్కిన గిన్నెలో కూర్చోబెట్టి, కింద నుంచి నీళ్లు తోస్తారట. ఆ సన్నటి నీళ్ల పొర మీద అంత బరువూ తేలుతుందట. పసిపిల్ల వేలితో తోసినా తిరుగుతుందట. “మంచం మీద నుంచి లేవలేని పిల్లలు కూడా వచ్చి, ఇంత రాయిని మేం కదిపాం అనుకోవాలి” అన్నారు మీ అన్నయ్య. ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట రావడం పెళ్లయ్యాక నేను వినడం అదే మొదలు.

ఇక అసలు సంగతి. మొన్న బంతిని బయటికి తీస్తుంటే క్రేను బెల్టు జారింది. బంతి వెళ్లి గేటు స్తంభానికి గుద్దుకుని, దొర్లి, గేటు కింద ఇనప పట్టా మీద పడి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. కానీ స్తంభానికి తగిలిన చోట వెంట్రుకంత గీత ఒకటి కనిపిస్తోంది. మీ అన్నయ్య తడిగుడ్డతో తుడిచి చూసి, “ఇది రాతితో పుట్టిన చారే, పగులు కాదు” అని తేల్చేశారు.

తేల్చేశారు సరే. కానీ ఆయన అలవాటు నీకు తెలుసు కదా, ఏ రాయి కనిపించినా వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వినందే ముందుకు కదలరు. మన గుమ్మం మెట్టుని ఇప్పటికీ కొట్టి పలకరిస్తారు. అలాంటి మనిషి ఆ రోజు నుంచి ఈ బంతిని ఒక్కసారి కూడా కొట్టలేదు. ఎందుకు కొట్టలేదని అడిగితే, “కొట్టేదేముంది” అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

నువ్వక్కడ రైలు చక్రాల్లో పగుళ్లు వెతుకుతావు కదా. మీ మిషను రాతిలో పగుళ్లు కూడా పట్టగలదా? చారే అయితే నాకు నిశ్చింత. పగులైతే మాత్రం, ఆ బంతి చుట్టూ చేరేది పిల్లలు. ఈ మాట ఆయనతో అనే ధైర్యం నాకు లేదు, అందుకే నీకు రాస్తున్నాను.

నోరుగల నీ వదిన


జనవరి 26

వదినా,

నీ ఉత్తరం కవరు మీద చేతిరాత చూసి మా పక్కబల్లాయన, “ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?” అని పరామర్శించాడు. రాతికి బాగాలేదని చెప్పాను. మా ల్యాబులో అది మామూలు జవాబే, మళ్లీ అడగలేదు.

పట్టగలదు. చూడటం అనను, వినడం అనాలి. ఎలాగో చెబుతాను, అన్నయ్యకి చదివి వినిపించు.

రాతి మీద ఒక చిన్న చుక్కని వెలుతురుతో ఒక్కసారిగా వేడి చేస్తాం. రెప్పపాటు కూడా దాని ముందు ఎంతో నిదానం. వేడెక్కింది ఏదైనా పెరగబోతుంది కదా, ఆ చుక్క కూడా పెరగబోతుంది. కానీ చుట్టూ ఉన్న చల్లటి రాయి జరగదు, కింద ఉన్నదీ జరగదు. నిండిన బస్సులో లావుపాటాయన సీటులో ఇరుక్కున్నట్టన్నమాట. ఇక పైకే కాస్త ఉబ్బుతుంది, పక్కవాళ్లని ఒక్క తోపు తోస్తుంది. ఆ తోపే అలగా మారి, రాతి చర్మాన్ని పట్టుకుని నాలుగు వైపులా పరుగెడుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ సన్నగిల్లిపోతుంది. అదే నెమ్మదిగా వేడి చేశావనుకో, అలే పుట్టదు. వేడి మెల్లగా ఇంకిపోతుంది, రాయి తీరుబడిగా సర్దుకుంటుంది.

బంతి మీదయితే ఇంకో తమాషా ఉంది. అన్ని వైపులకీ విడిపోయిన అల, బంతిని చుట్టుకుంటూ వెళ్లి, సరిగ్గా అటు పక్క ఒక్క చోట మళ్లీ కలుసుకుంటుంది. అక్కడ ఇంకో వెలుతురు ఆనించి వింటాం. దారిలో పగులుంటే ఆ వైపు నుంచి వచ్చే అల నీరసంగా వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. అంతే. రాయిని కోయక్కర్లేదు, తొలవక్కర్లేదు.

మా మేడమ్‌ని అడిగాను. చిన్న మిషను తీసుకెళ్లడానికి ఒప్పుకున్నారు. అన్నయ్య ఊ అంటే వచ్చేస్తాను. ఒక్కసారిగా వేడి చేయడమే ఇందులో కీలకమని మాత్రం తప్పకుండా చెప్పు, ఆయనకి ఇలాంటివి ఇష్టం.

నీ మరదలు పిల్ల


ఫిబ్రవరి 3

మరదలా,

ఇష్టమట! ఎంత ఇష్టమో నేను చెప్పలేను, చూసి తీరాల్సింది.

ఆయన చేతులు రాతిబురదలో ఉన్నాయని నేనే చదివాను. లావుపాటాయన దగ్గర నవ్వారు కూడా. “ఒక్కసారిగా వేడి చేయడమే కీలకం” అనేసరికి అగ్గి మీద గుగ్గిలమయ్యారు. “పాలిష్ చేసిన రాతికి వేడి చూపిస్తుందా? మెట్టు అనుకుంది కాబోలు నా బంతిని!” అని లేచి, షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఆ జేబుకి చిల్లుందని కూడా మర్చిపోయారు. సాయంత్రం దాన్ని వెతకలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయన మాట నాకు అన్యాయంగా అనిపించలేదు. ఆ మంటపని నీకు తెలియనిదా? నునుపు రాయి మీద కాళ్లు జారతాయని, మెట్ల రాళ్ల మీద గ్యాసు మంటని అలా అలా పోనిస్తే, పైనున్న రాతి పలుకులు చిటపటా పేలి లేచిపోతాయి, రాయి గరుకుదేలుతుంది. నీ చిన్నప్పుడు ఆ చప్పుడికి చెవులు మూసుకునేదానివట. “మెల్లగా కాలిస్తే రాయి ఊరుకుంటుంది, ఒక్కసారిగా కాలిస్తేనే పేలుతుంది. దాని ఉత్తరంలో కూడా అదే రాసింది కదా!” అన్నారు. నాకూ నిజమే అనిపించింది, ఏం చెయ్యను?

కొంచెం వివరంగా రాయి. నెలల తరబడి రుద్దిన రాయి అది. ఆయన భుజాల నొప్పికి నేను నూనె మర్దన చేసీ చేసీ నా చేతులు కూడా నొప్పులు పట్టాయి. కింద ఆయన ఏదో గిలికారు, చూడు.

వదిన

పిడుగూ, మీ ల్యాబులో రాళ్లుంటే వాటిని కాల్చుకో. నా బంతి జోలికి రాకు. – అన్నయ్య


ఫిబ్రవరి 10

వదినా,

మంట కాదు మొర్రో! మంట కూడా ఇలాగే తోస్తుంది, ఒప్పుకుంటున్నాను. అన్నయ్య అన్నది తప్పు కాదు. కానీ మంట చెంప మీద కొట్టినట్టు, మాది వేలితో తట్టినట్టు. ఆ చుక్క వేడెక్కి చల్లారేసరికి పక్క పలుకుకి కబురు కూడా అందదు. అన్నయ్య వేలి కణుపుతో కొట్టి వింటాడు, నేను వెచ్చదనంతో కొట్టి వింటాను. ఇద్దరం చేసేది ఒకటే పని. ఇంతవరకు ఆయనకి చదివి వినిపించు.

రెండో పేజీ నీ ఒక్కదానికే.

నాకు చాలా కోపంగా ఉంది. రైలు చక్రాల కింద మనుషుల ప్రాణాలుంటాయని ఇంతమంది నన్ను నమ్ముతుంటే, సొంత అన్నయ్య మాత్రం నేనేదో నిప్పుపెట్టె పట్టుకుని వస్తున్నట్టు తాళాలు వేసుకుంటున్నాడు. నాకేమనిపిస్తోందో చెప్పనా? పగులుందని ఆయనకి తెలుసు. తెలిసే దాస్తున్నాడు. లేకపోతే ఎందుకు కొట్టి చూడలేదు? మంటా గింటా అన్నీ సాకులు. పిల్లలు చేతులు పెట్టే రాయి వదినా అది. ఏదైనా జరిగితే అప్పుడు ఏ తాళం వేసుకుంటాడు?

రాసేశాను. చింపేద్దామనుకున్నాను, చింపను. నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

మరదలు


ఫిబ్రవరి 17

మరదలు పిల్లకు,

తప్పు నాదే, ముందే చెబుతున్నాను. నీ రెండో పేజీని కుట్టుమిషను సొరుగులో దాచాను. ఆయన జన్మలో తెరవని సొరుగు అది. ఆయన చొక్కా బొత్తాం సరిగ్గా ఇప్పుడే ఊడాలా? నేను పెరట్లో ఉన్నాను. సూది కోసం వెతుక్కుంటూ తెరిచారు.

అరుస్తారనుకున్నాను, అరవలేదు. అందుకే నాకు భయం వేసింది. కాగితం మడిచి, మళ్లీ అదే సొరుగులో, అదే చోట పెట్టారు. షెడ్డు తాళం తీసి లోపలికెళ్లి, ఊడ్చిందే ఊడుస్తూ ఉండిపోయారు. భోజనానికి పిలిస్తే వచ్చారు, తిన్నారు, కంచం తీశారు. చివరికి ఒకే ఒక్క మాట అడిగారు. “నేను పిల్లల మీదకి పగిలిన రాయి పంపేవాణ్నా? దానికి నేనట్లా కనిపిస్తున్నానా?”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నీ మీద కోపమూ వచ్చింది. నోరుంది కదా అని అంత మాటంటావా? ఆ గీత పగులు కాదని ఆయనకి నిజంగానే నమ్మకం. నీళ్లతో తుడిచి చూశారు, నా ఎదురుగానే. మిగతా రాతితో పాటే ఆ గీత కూడా ఆరిపోయింది, పగులైతే నీళ్లు తాగి నల్లగా నిలబడేదట. దాచడానికేముంది అందులో? కొట్టి ఎందుకు చూడలేదంటావా, అది నాకూ తెలియదు. దాస్తున్నాడని నువ్వు తేల్చేశావు. భయపడుతున్నారేమోనని నాకనిపిస్తోంది. రెండూ ఒకటి కాదు పిల్లా.

ఆయన్నీ వదల్లేదులే. “చెల్లెలు ఏదో చెబితే సగంలో లేచిపోయి తాళాలు వేసుకునే మనిషికి ఇప్పుడు ఉడుక్కునే హక్కు లేదు” అన్నాను.

దీంతో పాటు ఒక పార్సిలు పంపుతున్నాను. ఆ బంతి కోసిన రాతిలోనే మిగిలిన ముక్క, ఆయనే ఎప్పుడో మెరుగుపెట్టారు. దీని మీద నీ వేడేదో పెట్టి తిరిగి పంపు. ఎక్కడ పెట్టావో చెప్పకు. ఆయన కనిపెడితే నువ్వు ఓడినట్టు, మళ్లీ ఆ ఊసెత్తకు. కనిపెట్టలేకపోతే ఆయన తాళం తీయాలి. ఈ పందెం నాది, ఆయనది కాదు. నేను ముక్కకి గోనెగుడ్డ చుడుతుంటే చూస్తూ ఊరుకున్నారు, అంతే. కానీ వెళుతూ వెళుతూ, “మూలలకి ఇంకో మడత వెయ్యి, విరుగుతాయి” అన్నారు.

వదిన


మార్చి 1

వదినా,

నీ ఉత్తరం చదివాక బల్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పక్కబల్లాయన ఈసారి ఏమీ అడగలేదు, టీ తెచ్చి పెట్టాడు.

అన్నయ్యకి చెప్పు. ఆయన పిల్లల మీదకి పగిలిన రాయి పంపే మనిషి కాడని నాకు తెలుసు. ఆ పేజీ రాసేటప్పుడు కూడా తెలుసు. నన్ను నమ్మలేదన్న ఉక్రోషంలో, ఎక్కడ తగులుతుందో చూసుకుని మరీ అన్నాను. అలా అనకూడదు. ఇలా రాస్తున్నానని కాకుండా, నేను ఎదురుగా నిలబడి చెప్పినట్టు చెప్పు.

ముక్క క్షేమంగా చేరింది, మూలలన్నీ ఉన్నాయి. మా గదిలో మధ్య బల్ల అడుగున రబ్బరు కాళ్లుంటాయి, వీధిలో లారీ వెళ్లినా అదరకూడదని. దాని మీద పెట్టి వేడి చేశాను. ఒక్కసారి కాదు, ఒకే చోట మళ్లీ మళ్లీ పెట్టాను. అన్నయ్య రాయి చాలా మంచి రాయి వదినా. పలుకు సన్నం, అల చెదరకుండా వెళ్లింది. తెర మీద అది వచ్చి చేరడం చూసి మా మేడమ్, “ఎవరు మెరుగుపెట్టారు?” అని అడిగారు. మా అన్నయ్య అని చెప్పాను. గొప్పగానే చెప్పాను.

ముక్క తిరిగి పంపుతున్నాను. ఇక ఆయన కళ్లు, ఆయన వేళ్లు.

నీ మరదలు పిల్ల


మార్చి 9

మరదలు పిల్లకు,

ఈ ముక్క వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో వేరే పని లేదు. పొద్దున్నే కిటికీ దగ్గర ఎండకి పట్టి చూశారు. దీపం ఏటవాలుగా పెట్టి చూశారు. తడిపి చూశారు, ఆరాక చూశారు. గోటితో అణువణువూ గీకారు. చివరికి నాలుకతో కూడా చూశారు, నేను నా కళ్లతో చూశాను! “రాళ్లు తినే వయసు దాటింది కదండీ” అంటే, “నాలుక్కి తెలుస్తుంది, నీకేం తెలుసు” అని కసిరారు.

నిన్న ఒక మూల చూపించి, “ఇదిగో, ఇక్కడే!” అని ఎగిరారు. దగ్గర పెట్టుకుని చూస్తే అది ఆయన రాపిడి బిళ్ల గీతే. మొహం చూడాలి! నేను నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను.

నువ్వు చెప్పమన్నది ఎదురుగా నిలబడి చెప్పినట్టే చెప్పాను. విని, ముక్కని చొక్కాతో తుడుస్తూ, “దానికి కోపం ముక్కు మీదుంటుంది. చిన్నప్పుడూ అంతే” అన్నారు. ముక్కని కిటికీలో పెడుతూ, “ఎప్పుడొస్తుందట?” అన్నారు.

రా మరి. మిగతాది కింద ఉంది.

వదిన

పిడుగూ, ఎక్కడ పెట్టావు? చెప్పకపోతే రానివ్వను. వచ్చేటప్పుడు చెవులకి దూది తెచ్చుకో, రాళ్లు అరగదీసే మిల్లు చప్పుడు నీకు పడదు. – అన్నయ్య


మార్చి 24

వదినా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చినవన్నీ రైల్లోనే అయిపోయాయి, ఎదురు సీటు వాళ్లకి కూడా పెట్టాను.

లోపల ఏం జరిగిందని ఎన్నిసార్లు అడిగావో, రైలు హడావిడిలో సరిగా చెప్పలేదు. ఉన్నవి రెండే కళ్లద్దాలు, అవి లేకుండా ఆ వెలుతురు దగ్గరికి ఎవరూ రాకూడదు. అందుకే నిన్ను షెడ్డు బయట నిలబెట్టాను, ఏమీ అనుకోకు. ఆ ఆకుపచ్చ అద్దాలు పెట్టుకుని అన్నయ్య అచ్చం తూనీగలా ఉన్నాడు.

ముందు ఆయన రాతిముక్క చూపించి ఎక్కడో చెప్పమన్నాడు. సరిగ్గా నట్టనడుమ అని చెప్పాను. “నడుమ ఎవరైనా పెడతారా! నేను అంచులన్నీ వెతికాను” అని తిట్టాడు.

తర్వాత బంతి. “అల అటు పక్కకి వస్తుందన్నావు కదా, నన్ను పట్టుకోనీ” అని వెళ్లి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అది చేతికి తెలిసేంత అల కాదు వదినా. చెబుదామనుకున్నాను, ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను. ఇటు నుంచి వేడి చుక్క పెట్టాను. “తగిలింది” అన్నాడు. “అవునా!” అన్నాను. ఇద్దరం అక్కడికి ఊరుకున్నాం.

చెయ్యి తీయించి మిషను పెట్టాను. ఆ గీత మీదుగా అల నిక్షేపంలా వెళ్లింది. “నువ్వన్నదే నిజం అన్నయ్యా, చారే” అన్నాను. ఆయన భుజాలు ఒక్కసారిగా దిగాయి. అక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో! కానీ బంతిని ఇంకాస్త తిప్పి చూడాలి కదా. తిప్పాను. ఒక వైపు నుంచి అల సగం కూడా రాలేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ రాలేదు. చూస్తే అది స్తంభానికి తగిలిన వైపు కాదు, దొర్లి ఇనప పట్టా మీద పడిన వైపు. అటు ఎవరం చూడలేదు. మెరుపు కింద ఏమీ కనిపించదు. ఆ ఒక్క తోపులోనే పొట్టి అలలు, పొడుగు అలలు రెండూ ఉంటాయి. పొట్టివి పైపైనే పోతాయి, అవి అక్కడ ఆగిపోతున్నాయి. పొడుగు అలలు లోతుగా నడుస్తాయి, అవి పగులు కింద నుంచి దాటి వస్తున్నాయి. దాన్నిబట్టి పగులు లోతు తేలింది, చిటికెన వేలి గోరంత.

అన్నయ్య తడిగుడ్డ తెచ్చి అక్కడ తుడిచాడు. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. రాయంతా ఆరింది. ఒక్క సన్నటి గీత మాత్రం నల్లగా నిలబడింది.

తర్వాత నా మిషను పెట్టె తనే మోశాడు, స్టేషను దాకా వచ్చాడు, రైలు కదిలేదాకా నిలబడ్డాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన్ని నేను మళ్లీ కష్టపెట్టానా వదినా? ఆ బంతి ఇక ఇవ్వడానికి లేదని చెప్పినదాన్ని నేనే కదా. ఆసుపత్రి వాళ్లకి ఎవరు చెబుతారు? నా మీద కోపంగా ఉంటే ఉన్నాడని రాసెయ్యి. తెలియకపోతేనే కష్టంగా ఉంది.

మరదలు


ఏప్రిల్ 5

పిచ్చిపిల్లా,

కోపమూ లేదు, గీపమూ లేదు. నువ్వెళ్లిన మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆసుపత్రికి తనే వెళ్లారు. “నా బంతిలో పగులుంది. ఇప్పుడివ్వను, బాగుచేసి ఇస్తాను” అని చెప్పి వచ్చారట. వాళ్లలో ఒకాయన, కనిపించని పగులుకి ఇంత హంగామా ఎందుకు, గిన్నెలో ఆ వైపు కిందకి పెట్టేస్తే సరిపోతుంది కదా అన్నాడట. “బంతికి కింద వైపంటూ ఉండదండీ, తిరుగుతుంది” అన్నారట మీ అన్నయ్య. వాళ్లు ప్రారంభం వాయిదా వేసుకున్నారు. కాస్త గొణిగారట, గొణగనీ.

ఇప్పుడు బంతినంతా ఆ గోరంత మేర చుట్టూ అరగదీస్తున్నారు. ఒక్క చోట తీస్తే బంతి బంతిగా ఉండదు కదా. బంతి చిన్నదైతే గిన్నెలో వదులవుతుంది, నీళ్లు పక్కలకి పోతాయి, తేలదు. అందుకని గిన్నె కూడా మళ్లీ చెక్కాలి. అంటే మొత్తం పని మళ్లీ మొదటికే! నేను మళ్లీ నూనె సీసా పట్టుకుని మర్దన చేస్తున్నాను.

అసలు విషయం చెప్పనా? పని మొదలుపెట్టే ముందు వేలి కణుపుతో బంతిని కొట్టారు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. చుట్టూ తిరుగుతూ కొట్టుకుంటూ వచ్చి, ఆ పగులు దగ్గర ఆగారు, కొట్టారు, విన్నారు. “ఊ” అన్నారు. ఆ ఊకొట్టుడు విని నాకెంత సంతోషమేసిందో!

నీతో ఎందుకు మాట్లాడలేదని అడిగాను. “ఏం మాట్లాడాలో తెలియక” అన్నారు. ఈ మధ్య కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు. రెండు ముక్కలు రాసి చింపేస్తున్నారు. నేను చూడనట్టు నటిస్తున్నాను, నాకది ఎంత కష్టమో నీకు తెలుసు.

వదిన


ఆగస్టు 30

పిడుగుకి,

ఇది నేనే రాస్తున్నాను. మీ వదిన భుజం మీదుగా తొంగిచూస్తోంది, అవతలికి పొమ్మన్నాను.

నువ్వు రెండోసారి వచ్చి, చుట్టూ అల ఒకేలా వస్తోందని చెప్పాకే బంతిని పంపాను. నిన్న నీళ్లు వదిలారు. సెలవు దొరకలేదన్నావు కదా, అందుకే రాస్తున్నాను.

ముందు నీకొక మాట చెప్పాలి. బెల్టు జారిన రోజు నుంచి నేను దాన్ని కొట్టలేదు. గీత చారేనని తెలుసు. కానీ కొడితే గొంతు మారి ఉంటుందేమోనని భయమేసింది. వినకపోతే ఏమీ కానట్టే కదా అనుకున్నాను. నువ్వు దాస్తున్నానన్నావు. దాచింది నీ దగ్గర కాదు, నా దగ్గరే. నువ్వు రాకపోతే అలాగే పంపేసేవాణ్నేమో. స్టేషనులో ఇదే చెబుదామనుకున్నాను, ఎలా మొదలుపెట్టాలో తెలిసేలోగా రైలు కదిలింది.

ఇంకోటి. ఆ రోజు షెడ్డులో తగిలిందన్నాను. తగల్లేదు. అంత దూరం నుంచి పెట్టె మోసుకొచ్చావు, తగల్లేదని ఎలా అనను? నీకు తెలుసనుకుంటాను.

నిన్న నీళ్లు వదిలాక బంతి లేచింది. మొదట ఊగి, తర్వాత కుదురుకుంది. అందరూ ముందు వైపు గుమిగూడారు. నేను వెనక వైపు, గిన్నె అంచున నీళ్లు సమంగా వస్తున్నాయో లేదో చూద్దామని ఒంగి, బంతి మీద అరచెయ్యి పెట్టాను. అటు పక్క ఎవరున్నారో నాకు కనబడదు. ఉన్నట్టుండి నా చేతి కింద రాయి కదిలింది.

లేచి తొంగిచూశాను. చక్రాల కుర్చీలో ఒక చిన్నపిల్ల, చేతికి కట్టు, అందులోంచి బయటికి కనిపించేది ఒక్క వేలే. ఆ వేలితో తోసింది. నన్ను చూసి, “నేనే తిప్పాను” అంది.

“అవునమ్మా, నాకు తగిలింది” అన్నాను.

ఈసారి నిజంగానే తగిలింది పిడుగూ.

అన్నయ్య